మూడేళ్లు వాడాక: సైకిల్‌కి ఎలక్ట్రిక్ కిట్టా, రెడీమేడ్ ఈ-బైకా?

మా సైకిల్‌కి పెట్టించిన ఎలక్ట్రిక్ కిట్టు మీద నాకున్న కోపమంతా బ్రేక్ లివర్‌లో ఉండే ఓ చిన్న స్విచ్ మీదే. మిగతావన్నీ సర్దుకుపోవచ్చు.

మాది విశాఖ. రోజూ బీచ్ రోడ్డు నుంచి పాండురంగపురం డౌన్ (ఏటవాలు రోడ్డుని మావైపు డౌన్ అంటాం) ఎక్కి సిరిపురం వెళ్లాలి. మా అబ్బాయి వాడకుండా వదిలేసిన సైకిల్‌కి వెనక చక్రంలో 250 వాట్ల హబ్ మోటార్, ఫ్రేముకి 36 వోల్టుల బ్యాటరీ పెట్టించాను. బిగింపుతో కలిపి 19 వేలయింది. అదే ఏడు మా బావమరిది దాదాపు రెట్టింపు పెట్టి రెడీమేడ్‌ది కొన్నాడు. రెండూ లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేనివే, గంటకి 25 కిలోమీటర్లు దాటవు. కాబట్టి వేగం గురించి మా మధ్య గొడవ లేదు.

రెండో వానాకాలంలో డౌన్ సగం ఎక్కాక మోటార్ ఆగిపోయింది. డిస్‌ప్లే వెలుగుతూనే ఉంది, బ్యాటరీ నిండుగా చూపిస్తోంది, యాక్సిలరేటర్ ఎంత తిప్పినా చలనం లేదు. వెనకాల బస్సు హారన్లు. దిగి తోసుకుంటూ వెళ్తే తెలిసింది కిట్టు బరువెంతో. సైకిల్ షాపతను వైర్లు చూసి "ఇది మా పని కాదు సార్" అన్నాడు. ఆటో ఎలక్ట్రీషియన్ సైకిల్‌ని చూసి నవ్వాడు. కిట్టు అమ్మినవాళ్లు ఫోన్లోనే కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటార్‌కి కరెంటు పంపే పెట్టె) కాలిపోయిందని తేల్చేసి, కొత్తదాని రేటు కూడా చెప్పేశారు.

చివరికి మా వీధిలో ఇన్వర్టర్లు బాగుచేసే కుర్రాడికి చూపించాను. హ్యాండిల్ నుంచి కంట్రోలర్‌కి వెళ్లే సాకెట్లు ఒక్కొక్కటీ ఊడదీస్తూ వచ్చాడు. కుడి బ్రేక్‌ది తీయగానే చక్రం గిర్రున తిరిగింది. "దీని లెక్కలో మీరింకా బ్రేక్ పట్టుకునే ఉన్నారు బాబాయ్" అన్నాడు. బ్రేక్ నొక్కగానే మోటార్‌కి కరెంటు ఆపే స్విచ్ అది. ఉప్పుగాలికి తుప్పు పట్టి లోపల అతుక్కుపోయింది. కంట్రోలర్‌కి ఏమీ కాలేదు! కొత్త లివర్లు వేయిస్తే కొన్ని వందల్లో పోయింది. కానీ మళ్లీ వానలు రాగానే మళ్లీ అదే తంతు. ఇప్పుడు ఓ జత ఇంట్లో పెట్టుకుంటున్నాను. ఆ తీగ పీకేసి నడిపేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. మనం బ్రేక్ వేస్తుంటే మోటార్ ముందుకు తోస్తూ ఉంటే, దిగుడులో ఏమవుతుందో వాళ్లు ఆలోచించినట్టు లేదు.

19 వేలు అన్నాను గానీ, లివర్లు, ఆ బరువుకి తెగిన వెనక స్పోకులు, వంకరపోయిన రిమ్ము కలుపుకుంటే మిగిలిందనుకున్న డబ్బులో చాలావరకు పోయింది. మొదట్లో తొక్కుతూ వెళ్తే ఒక్క ఛార్జింగుతో 30 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు అంత నమ్మకం లేదు.

బావమరిది బండి మొరాయించింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ డిస్‌ప్లే మీద ఏదో ఎర్రర్ నంబరు చూపించి కూర్చుంది. లోపలి సాకెట్లన్నీ ఆ కంపెనీకే సరిపోయేవి కావడంతో మా ఇన్వర్టర్ల కుర్రాడు కూడా చేతులెత్తేశాడు. పార్టు వచ్చేసరికి నెల దాటింది. పైగా దాని బ్యాటరీ ఫ్రేములోనే ఉంటుంది, బయటికి రాదు. మూడో అంతస్తులో ఉంటూ, లిఫ్టు లేక, అతను వాచ్‌మన్ గది ప్లగ్గు కోసం బతిమాలుకుంటాడు. నేను తాళం తీసి బ్యాటరీ ఒక్కటే పైకి తెచ్చుకుంటాను. కిట్టులో నాకు నిజంగా నచ్చింది ఇదే.

రోజూ టైముకి ఆఫీసులో ఉండాల్సినవాళ్లు, ఊళ్లో సర్వీస్ సెంటర్, కింద ఛార్జింగ్ పాయింటు ఉన్నవాళ్లు రెడీమేడే కొనుక్కోవడం మేలేమో. నన్ను పావుగంట ఆలస్యానికి అడిగేవాళ్లు లేరు, పైగా వీధిలో ఆ కుర్రాడున్నాడు. అతను షాపు ఎత్తేసి హైదరాబాద్ వెళ్తానంటున్నాడు, వెళ్తే మాత్రం నా లెక్క మారొచ్చు.