ధర్నాకి ఫ్లెక్స్ వేయించాం, షాపుకి 4 స్టార్లు

రోడ్డు గుంతల మీద ధర్నాకని బస్టాండ్ పక్కన ఫ్లెక్స్ షాపుకెళ్లాం. మావాడు జాతీయ జెండా మీద పెద్ద ఇంటూ కొట్టిన డిజైన్ తెచ్చాడు, చూడగానే ఓనర్ మౌస్ వదిలేసి "ఇది వేస్తే మీతో పాటు నన్నూ స్టేషన్‌కి తీసుకెళ్తారన్నా" అన్నాడు. నిజమే, జాతీయ గౌరవానికి అవమానాన్ని అడ్డుకునే 1971 చట్టం ప్రకారం నలుగురిలో జెండాని అవమానిస్తే 3 ఏళ్ల దాకా జైలు. అమెరికాలో నిరసనగా జెండా తగలబెట్టినా అది భావప్రకటనేనని 1989లో అక్కడి సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది, అదీ ఒక్క ఓటు తేడాతో! మన చట్టంలోనూ ప్రభుత్వ చర్యలను విమర్శించి, చట్టబద్ధంగా మార్పు కోరడం నేరం కాదనే ఉంది. అందుకే గుంతలో గాలం వేస్తున్న తాత బొమ్మ వేసిచ్చాడు, అదిరింది. కాకపోతే అరగంటన్నవాడు రెండు గంటలు కూర్చోబెట్టాడు.