షేర్డ్ డ్రైవ్‌లో అనుమతి మనిషికి ఇవ్వాలా, గ్రూపుకు ఇవ్వాలా?

విండోస్ సర్వర్‌లోని ఉమ్మడి ఫోల్డర్‌కు అనుమతి ఇచ్చే దారులు రెండు. కావలసిన వ్యక్తి పేరును నేరుగా ఫోల్డర్‌కు చేర్చడం ఒకటి. విభాగానికొక గ్రూపు కట్టి, ఫోల్డర్‌కు ఆ గ్రూపును, గ్రూపులోకి మనుషులను చేర్చడం రెండోది.

మొదటిది నిమిషంలో అయిపోతుంది. నేనూ చాలాకాలం అలాగే చేశాను. ఒకసారి అకౌంట్స్‌లో పనిచేసే ఆయన కొనుగోళ్ల విభాగానికి మారారు. కొన్ని నెలల తర్వాత ఆయనే వచ్చి, జీతాల షీటు తనకు ఇంకా తెరుచుకుంటోందని చెప్పారు. నిజాయితీ గల మనిషి కాబట్టి చెప్పారు. ఆయన పేరు ఎన్ని ఫోల్డర్లలో ఉందో వెతికి తీసేయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఉద్యోగం మానేసినవారి ఖాతాలను తొలగిస్తే ఇంకో చిక్కు: ఫోల్డర్‌లో పేరు పోయి, ఎస్-1-5-21తో మొదలయ్యే పొడవాటి సంఖ్య (ఆ ఖాతాకు విండోస్ ఇచ్చిన గుర్తింపు) మిగులుతుంది. అది ఎవరిదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. పైగా ఒకే డ్రైవ్‌లో ఫోల్డర్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి మూవ్ చేస్తే, నేరుగా ఇచ్చిన అనుమతులు దాని వెంటే వెళ్తాయి.

గ్రూపు పద్ధతిలో అయితే మనిషి విభాగం మారినప్పుడు ఒక గ్రూపులోంచి తీసి మరోదానిలో వేస్తే చాలు. అయితే ఆ మార్పు, ఆ వ్యక్తి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయ్యాకే పనిచేస్తుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే 'ఇంకా తెరుచుకోవడం లేదు' అని ఫోన్లు వస్తాయి. నా ఓటు గ్రూపుకే, నలుగురున్న ఆఫీసులో అయినా సరే. ఒక్కరే వాడుకునే సొంత ఫోల్డర్‌కు మాత్రం పేరు నేరుగా ఇవ్వడమే సబబు.

ఇక షేర్ అనుమతులా (ఫోల్డర్‌ను నెట్‌వర్క్‌లో పంచేటప్పుడు పెట్టేవి), ఎన్‌టీఎఫ్ఎస్ అనుమతులా (డిస్క్‌లోని ఫైళ్లు, ఫోల్డర్ల మీదే పెట్టేవి) అన్న ప్రశ్న. షేర్‌లో రీడ్ (చదవడం), చేంజ్ (మార్చడం, తొలగించడం కూడా), ఫుల్ కంట్రోల్ (అనుమతులనూ మార్చడం) అనే మూడు మెట్లే ఉంటాయి, అవీ నెట్‌వర్క్ మీదుగా వచ్చేవారికే వర్తిస్తాయి. ఎన్‌టీఎఫ్ఎస్ అనుమతులు సర్వర్ ముందు కూర్చున్నవారినీ కట్టడి చేస్తాయి, లోపలి ఫోల్డర్ల వరకూ విడివిడిగా ఇవ్వవచ్చు. రెండూ ఉన్నప్పుడు ఏది కఠినమైతే అదే చెల్లుతుంది. అందుకే రెండు చోట్లా బిగిస్తే, తాళం ఎక్కడ పడిందో తెలియక మనమే తికమకపడతాం. షేర్‌లో ఉద్యోగులందరికీ చేంజ్ ఇచ్చి, అసలు కట్టడి ఎన్‌టీఎఫ్ఎస్‌లో పెట్టడం మేలు. ఫుల్ కంట్రోల్ ఇమ్మని చెప్పేవారూ ఉన్నారు, నేను ఒప్పుకోను. ఫైలు సృష్టించిన వ్యక్తి దాని యజమాని అవుతారు కాబట్టి, తన ఫైలు అనుమతులను తానే మార్చేసుకోగలరు. నెట్‌వర్క్ మీదుగా అలా జరగకుండా చేంజ్ ఆపుతుంది.

ఇప్పటికే పేర్లతో నిండిపోయిన డ్రైవ్ మీ చేతికొస్తే, ముందు విండోస్‌లోని ఐక్యాక్ల్స్ (icacls) ఆదేశంతో ఉన్న అనుమతులను ఒక ఫైలులో భద్రపరచండి. తర్వాత ఒక్కో ఫోల్డర్‌నే గ్రూపులకు మార్చండి. జీతాల ఫోల్డర్‌తో మొదలుపెట్టండి.