పసుపు మరకకి 90 యూరోలు: స్టట్‌గార్ట్ నుంచి అల్సాస్‌కి క్యాంపర్‌వ్యాన్‌లో

యాడ్‌లో క్యాంపర్‌వ్యాన్ (పడకలు, వంటగట్టు ఉన్న వ్యాను) అద్దె రోజుకి 79 యూరోలని ఉంటుంది. నమ్మకండి.

శుక్రవారం, సోమవారం లీవు పెడితే పక్కనే ఉన్న ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతానికి చవగ్గా వెళ్లిరావచ్చని లెక్కలేసి మరీ చూపించింది మా బామ్మర్ది. నాలుగు రోజుల అద్దె 316. కౌంటర్ దగ్గరికెళ్లాక సర్వీస్ ప్యాకేజీ అని 119 కలిపారు. గ్యాస్ సిలిండర్, కరెంటు వైరు, టాయిలెట్‌లో పోసే మందు అందులో వస్తాయట, వద్దనడానికి వీల్లేదు. డ్యామేజీ జరిగితే మన మీద పడే భారం తగ్గాలంటే రోజుకి 18 చొప్పున 72. రెండో డ్రైవరుకి 20. మొత్తం 527 అయింది. ఇది కాక కార్డు మీద 1,500 డిపాజిట్ బ్లాక్ చేశారు. బామ్మర్ది మొహం అక్కడే మాడిపోయింది.

దారి హాయిగా ఉంది. ఏ5 హైవే మీద దక్షిణానికి వచ్చి బ్రైజాఖ్ దగ్గర రైన్ నది దాటండి. స్ట్రాస్‌బూర్గ్ మీదుగా వెళ్తే ట్రాఫిక్ గొడవ ఉంటుంది. ఇటు వస్తే టోల్ కూడా లేదు. 3.5 టన్నుల లోపు వ్యానుకి మామూలు కారు లైసెన్సు చాలు. అత్తయ్య విజిటర్ వీసా మీద వచ్చారు. అది షెంజెన్ వీసానే కాబట్టి ఫ్రాన్స్‌కి వేరే వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టులు, రెసిడెన్స్ కార్డులు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లొద్దు. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు మొదలుపెట్టింది. తిరిగొచ్చేటప్పుడు మా వ్యానూ ఆపారు, మర్యాదగానే చూసి పంపారు.

కొల్మార్ పక్కనున్న ట్యుర్కైమ్ అనే చిన్న ఊళ్లో దిగాం. క్యాంప్‌సైట్‌లో నలుగురికీ, వ్యానుకీ, కరెంటుకీ కలిపి రాత్రికి 29.60. వేడినీళ్ల స్నానాల గదులు మా ఇంట్లో బాత్రూం కన్నా శుభ్రంగా ఉన్నాయి. తలెత్తితే కొంగలు. ఇంతకన్నా ఏం కావాలి అనుకునేలోపు వంట మొదలైంది.

అత్తయ్య రైస్ కుక్కర్ పెట్టారు. టీ తాగుదామని బామ్మర్ది ఎలక్ట్రిక్ కెటిల్ కూడా ఆన్ చేశాడు. టప్‌మని కరెంటు పోయింది. ఈ క్యాంప్‌సైట్లలో చాలాచోట్ల ఒక్కో వ్యానుకి ఇచ్చేది 6 ఆంపియర్లే, అంటే 1,380 వాట్లు. కుక్కర్‌ 700 లాగితే కెటిల్ ఒక్కటే 2,000 లాగుతుంది. ఫ్యూజు పెట్టెకి తాళం వేసుంది, తాళంచెవి రిసెప్షన్‌లో ఉంది. ఆ రిసెప్షన్ పన్నెండు నుంచి రెండు దాకా మూత. అప్పుడు టైము 12.10. ఫ్రాన్స్‌లో భోజనాల వేళ అంటే భోజనాల వేళే, తలుపు ఎంత కొట్టినా ఎవరూ పలకరు.

"నీ టీ చల్లగుండ" అని కొడుకుని ఒక్క మాటని, అత్తయ్య సగం ఉడికిన బియ్యాన్ని గిన్నెలోకి వంచి గ్యాస్ పొయ్యి మీదికెక్కించారు. రెండో బర్నర్ మీద పప్పు. ఆ హడావుడిలో పసుపు కాస్త ఒలికి, పొయ్యి పక్కన తెల్లటి గట్టు మీద బొటనవేలి గోరంత మరక పడింది. అన్నం కాస్త మెత్తబడినా ఆవకాయతో ఆ చెట్టు కింద తిన్న తిండి నేను మర్చిపోను. రెండూ అయిదుకి మేనేజరు వచ్చి స్విచ్ ఎత్తి, కెటిల్ వైపు వేలు చూపించి నవ్వి వెళ్లిపోయింది. పైసా అడగలేదు. శిక్షగా టాయిలెట్ డబ్బా ఖాళీ చేసే పని ట్రిప్పంతా బామ్మర్దికే పడింది.

రాత్రి పదికి ఈ ఊళ్లో కాపలాదారు నల్ల కోటుతో, లాంతరుతో పాట పాడుతూ వీధులు తిరుగుతాడు. మే నుంచి అక్టోబరు దాకా ఉంటుంది, టికెట్టేమీ లేదు. అత్తయ్య ఆయన వెనకే ఊరంతా నడిచారు. మర్నాడు వ్యాను అక్కడే వదిలేసి కొల్మార్‌కి రైల్లో వెళ్లాం. కవర్డ్ పార్కింగుల్లో ఎత్తు చాలదు కాబట్టి అదే నయం. న్యూయార్క్ స్వేచ్ఛా విగ్రహం రూపొందించిన శిల్పి బార్తోల్డి 1834లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఊరి ఉత్తరాన రౌండెబౌట్‌లో 12 మీటర్ల నకలు నిలబెట్టారు. ఫొటో కోసం అంత దూరం నడవక్కర్లేదు, పాత ఊళ్లో కాలవ ఒడ్డునే కూర్చోండి. శాకాహారులు టార్ట్ ఫ్లాంబే ఆర్డరిచ్చేటప్పుడు పంది మాంసం ముక్కలు వద్దని ముందే చెప్పాలి. అవి తీసేస్తే మీగడ, ఉల్లిపాయలతో పల్చటి రొట్టె, మహా రుచి.

సోమవారం సాయంత్రం వ్యాను అప్పగించాం. అద్దె సంస్థ మనిషి బయట గీతలేమైనా ఉన్నాయేమోనని చుట్టూ తిరిగాడు, ఏం దొరకలేదు. లోపలికెళ్లి టార్చి కొట్టి ఆ గోరంత మరక పట్టుకున్నాడు. స్పెషల్ క్లీనింగ్, 90 యూరోలు. "ఎండ తగిలేలా ఉంచమనండి అల్లుడుగారూ, రెండ్రోజుల్లో అదే పోతుంది" అన్నారు అత్తయ్య. అది నిజం కూడా, పసుపు రంగు వెలుగుకి ఆగదు. మా ఆవిడ జర్మన్‌లో ఓపిగ్గా చెప్పింది. అతను రేట్ల కాగితం మీద వేలు పెట్టి చూపించాడు, అంతే. ఇంటికొచ్చేదాకా ట్రామ్‌లో ఎవరూ మాట్లాడలేదు.

డీజిల్ 88, మూడు రాత్రుల క్యాంప్‌సైట్ 88.80 కలుపుకుంటే తిండి కాక 793.80 తేలింది. అదే కొల్మార్‌లో రెండు రూములు తీసుకుని మా కార్లోనే వెళ్తే 600 లోపు అయిపోయేది. సరిహద్దుకి అవతల మమ్మల్ని ఎవరూ దోచుకోలేదు, దోపిడీ అంతా ఇవతలే. అయినా వ్యానే కావాలనుకుంటే సర్వీస్ ప్యాకేజీ ఎంతో, క్లీనింగ్ రేట్లేమిటో బుక్ చేసేముందే రాతపూర్వకంగా అడగండి. వ్యాను తీసుకునేటప్పుడు పొయ్యి పక్క గట్టు దాకా వీడియో తీయండి. పొయ్యి చుట్టూ అల్యూమినియం ఫాయిల్ పరవండి. కెటిల్ ఇంట్లో వదిలేయండి.

బామ్మర్ది ఇప్పుడు టెంట్ల రేట్లు చూస్తున్నాడు.