చెరువు గట్టు మీద తూటాల పెట్టె: చాలాకాలం వాడాక

మెషిన్ గన్ తూటాలు వచ్చే పాత ఉక్కు పెట్టె నరసాపురం, మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల మీద డీవో మీటరు (నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది), పీహెచ్ కిట్టు, మేత లెక్కల పుస్తకం దాచడానికి భేషుగ్గా పనికొస్తుంది. ప్లాస్టిక్ డబ్బాల క్లిప్పులు ఎండకి పెళుసెక్కి విరిగిపోతాయి, దీని లివరు విరగదు. కాకపోతే ఇది తేమని బయట ఆపినంత గట్టిగా లోపలా ఆపుతుంది.

కొనేటప్పుడు పక్కనున్న పసుపు అక్షరాలు చదవండి. అమెరికన్ ఎం2ఏ1 మీద 100, .50 క్యాలిబర్, లింక్డ్ (గొలుసుగా కలిపినవి) అని ఉంటుంది. సన్నటి ఎం19ఏ1 మీద 200, 7.62 ఎంఎం. 4-1 అంటే నాలుగు మామూలు తూటాలకి ఒక ట్రేసర్, అంటే వెలుగు గీత గీస్తూ పోయే తూటా. ఇవన్నీ మొదట వచ్చిన సరుకు వివరాలే. రబ్బరు ఎలా ఉందో చెప్పవు. అడుగున తూటా గానీ దొరికితే, మొన రంగు ఏదైనా, ముట్టుకోకుండా పోలీసులకి చెప్పండి. లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడం నేరం.

మూత కింద రబ్బరుని కాగితంతో పరీక్షించొచ్చు. కాగితం పట్టీ అడ్డంపెట్టి లివరు బిగించి లాగాలి. నాలుగు వైపులా బిగుతుగా ఉండాలి. ఏ మూల సులువుగా జారి వస్తే అక్కడ నీళ్లు దూరతాయి. రబ్బరుకి సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. మోటారుకి రాసే గ్రీజు వద్దు, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోతుంది.

ఇక చెమ్మ సంగతి. పెద్ద పెట్టెలో, అంటే ఎం2ఏ1లో, పట్టేది సుమారు ఏడు లీటర్ల గాలి. వానాకాలం గాలైనా అందులో తేమ పావు గ్రాముకి మించదు. పుస్తకం తడి, మీటరు ప్రోబు (నీళ్లలో ముంచే కొన) మీద మిగిలిన నీళ్లు దానికి ఎన్నో రెట్లు. అందుకే మీటరుని గుడ్డతో తుడిచి, ప్రోబుకి మూత బిగించి, అప్పుడే లోపల పెట్టాలి. తేమ పీల్చే సిలికా జెల్ సంచీ, 50 గ్రాములది ఒకటి చాలు. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే ఆరబెట్టాలి, కానీ వంట మూకుడులో కాదు. ఆ నీలంలో కోబాల్టు ఉంటుంది, అది విషం.

తుప్పు మొదలయ్యేది వెనక మడతబందు దగ్గర, అడుగు అంచున. మూత పూర్తిగా తెరిచి పక్కకి జరిపితే ఊడొస్తుంది. మంచినీళ్లతో ఉప్పు కడిగి, ఆరాక గీరి, రెడ్ ఆక్సైడ్ (తుప్పు ఆపే ప్రైమరు), పైన ఎనామిల్ రంగు వెయ్యండి. రబ్బరు ఆనే అంచుకి మాత్రం రంగు తగలకూడదు, మందం పెరిగితే మూత సరిగా పడదు. సిమెంటు నేల మీద కాకుండా రెండు చెక్కముక్కల మీద పెట్టండి.

బ్లీచింగ్ పౌడరు ఇందులో వద్దే వద్దు. దాన్నుంచి వచ్చే క్లోరిన్ మీటరునీ పెట్టెనీ కలిపి తినేస్తుంది. పవర్ బ్యాంకూ అంతే: అది వేడెక్కి పొగ కక్కితే, గాలి పోయే దారిలేని ఉక్కు పెట్టె పేలుతుంది. మీటరు ఒక్కటే దాచుకునేవాళ్లకి ఎం19ఏ1 సరిపోతుంది. కిట్టు సీసాలు కూడా పట్టాలంటే మాత్రం ఎం2ఏ1 తీసుకోండి, బరువు రెండు కిలోలు దాటినా సరే.