మా పిల్లి కోసం పిలిచిన దహన సర్వీసు: నాలుగు స్టార్లు, ఐదోది ఎందుకు ఇవ్వలేదంటే

హైదరాబాద్‌లో పెంపుడు జంతువుల దహనం గురించి వెతికితే రివ్యూలన్నీ కుక్కలవే. పిల్లులున్న వాళ్ళకి కూడా ఒకటుండాలని రాస్తున్నా. మా మినీ ముసలిది, కిడ్నీలు పోయాయి. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 5 దాటితే కిడ్నీ జబ్బులో నాలుగో స్టేజ్, అదే ఆఖరిది. వీపు మీద చర్మం పైకి లాగి సూది పెట్టి రింగర్ లాక్టేట్ అనే సెలైన్ ఎక్కించడం మా ఆయన నేర్చుకున్నారు, కొంతకాలం అలా నెట్టుకొచ్చాం, చివరికి డాక్టరుగారే ఇక బాధపెట్టొద్దన్నారు. శాశ్వతంగా నిద్రపుచ్చే ఆ ఇంజెక్షన్ సంగతి ఇంతకంటే రాయలేను.

మా మామగారు ఊళ్ళో పొలం గట్టున పూడ్చిపెడదామన్నారు. ఆ ఇంజెక్షన్ మందు ఒంట్లో అలాగే ఉండిపోతుందట, గుంత లోతుగా లేకపోతే కుక్కలు తవ్వి తింటే వాటి ప్రాణానికీ ప్రమాదమని డాక్టరుగారు చెప్పారు. మా ఫ్లాటులో మన్నంటే కుండీల్లోదే. నాగోల్ దగ్గర ఫతుల్లగూడలో జీహెచ్ఎంసీ వాళ్ళ జంతువుల శ్మశానవాటిక ఉంది, కానీ మినీని ఒళ్ళో పెట్టుకుని ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళే ఓపిక లేక, ఇంటికొచ్చి తీసుకెళ్ళే ప్రైవేటు వాళ్ళని పిలిచాం. వాళ్ళ పేరు రాయడం లేదు, ఎవరిని పిలిచినా అడగాల్సినవి ఇవే.

ఫోన్ ఎత్తినాయన మొదటి మాట "ఎన్ని కేజీలు మేడం?" రేటు బరువును బట్టే ఉంటుంది, నిజమే, కానీ అప్పుడే ఏడ్చి గొంతు పోయిన మనిషిని అలా అడుగుతారా? ఒక స్టారు అక్కడే సగం పోయింది. తర్వాత గంటలో వస్తామన్న బండి మధ్యాహ్నం దాటాక వచ్చింది. మీకూ ఇలా ఆలస్యమైతే ఏసీ వేసి, పాత తువ్వాల్లో చుట్టిన ఐస్ ప్యాకులు పొట్ట కింద పెట్టండి. కొన్ని గంటల్లోనే ఒళ్ళు బిగుసుకుపోతుంది కాబట్టి ముందే ముడుచుకుని పడుకున్నట్టు సర్దేయండి. కింద డైపర్ షీట్ వేయండి, తడి అవుతుంది. కళ్ళు పూర్తిగా మూసుకోవు, ఎన్నిసార్లు మూసినా. ఇవి నాకు ఎవరూ చెప్పలేదు.

కానీ బండితో వచ్చిన అబ్బాయి గురించి ఎంత చెప్పినా తక్కువే. గుమ్మం బయటే చెప్పులు విప్పాడు, మినీని రెండు చేతులతో, తల కింద అరచెయ్యి పెట్టి ఎత్తి వెదురు బుట్టలో పడుకోబెట్టాడు. మెడపట్టీ విప్పి, గంట మోగకుండా గుప్పిట్లో పట్టుకుని "ఇది మీరే ఉంచుకుంటారా అక్కా" అన్నాడు. మా రెండో పిల్లి బుట్ట దగ్గరికి వస్తే తోలేయలేదు, అది వాసన చూసి తనంతట తను పక్కకి పోయేదాకా వంగి అలాగే నిలబడ్డాడు. ఈ రివ్యూలో ఉన్న స్టార్లలో సగం ఆ అబ్బాయివే.

అక్కడ అడగాల్సిన అసలు ప్రశ్న: విడిగా కాలుస్తారా, నాలుగైదింటిని కలిపా? కలిపి కాలిస్తే తక్కువకే అయిపోతుంది గానీ బూడిద ఇవ్వరు, ఇచ్చినా అది మీ పిల్లిది మాత్రమే కాదు. మేం విడిగా అన్నాం, లోపల పెట్టేటప్పుడు చూస్తామని ముందే చెప్పాం, చూడనిచ్చారు. గ్యాస్ పొయ్యి, గంటలోపే అయిపోయింది. మిగిలిన ఎముకల్ని మిషన్లో పొడి చేసి ఇస్తారు. ఇల్లంతా తానే అన్నట్టు తిరిగిన జీవికి చివరికి వచ్చింది గుప్పెడు.

ఐదో స్టారు పూర్తిగా పోయింది మాత్రం ఆ తర్వాతే. కళ్ళు తుడుచుకుంటుంటే "మెమోరియల్ కిట్" కేటలాగు చేతిలో పెట్టారు. కలశం, ఫోటో ఫ్రేము, పాదముద్ర, స్వర్గం గురించి ఇంగ్లీషులో కవిత రాసిన సర్టిఫికెట్. మా మినీకి తెలుగు తప్ప రాదండీ, అది కూడా "దా" అన్న ఒక్క ముక్కకే పలికేది. కిట్టుకి దహనానికైనంత అడిగారు. వద్దన్నా ఆపలేదు, రాత్రికి ఏడుపు పాట పెట్టిన వీడియో కూడా వాట్సాప్‌లో పంపారు. పాదముద్ర కావాలంటే స్టేషనరీ షాపులో స్టాంపు ప్యాడు కొని, బండి వచ్చేలోపు మీరే తెల్ల కాగితం మీద వేసుకోండి. మేం అదే చేశాం. వేళ్ళ మధ్య ఇంకు తడి బట్టతో తుడిచాం, అది బతికుంటే ఆ బట్టతో పాటు నా చెయ్యి కూడా రక్కేసేది.

మా బంధువుల్లో ఒకావిడ "పిల్లికి ఇంత ఖర్చా, ఏదైనా గుళ్ళో ఇవ్వకపోయారా" అంది. పిల్లిని చంపితే బంగారు పిల్లిని దానం చెయ్యాలని చెప్పేది కూడా ఆవిడే. ఆఫీసులో లీవుకి జ్వరమని రాశా. పిల్లి అని రాస్తే నవ్వుతారు, నాకు ఆ రోజు నవ్వులు భరించే శక్తి లేదు.

బూడిదని కర్నూలు వెళ్తూ బీచుపల్లి దగ్గర కృష్ణలో కలిపాం. కుండీలో వేద్దామనుకునేవాళ్ళు మొత్తం ఒకేచోట పోయకండి, అందులో ఉప్పూ క్షారం ఎక్కువ, మొక్క మాడిపోతుంది, ఎక్కువ మట్టిలో కొద్దికొద్దిగా కలపండి.

మళ్ళీ అవసరమైతే వీళ్ళనే పిలుస్తా, రాకూడదనే కోరుకుంటూ. ఫోన్లోనే మూడు మాటలు తేల్చుకోండి: విడిగానా, చూడొచ్చా, కిట్ లేకుండా ఎంత.