ఒకే కాంపౌండ్, రెండు బ్లాకులు: 12 ఏళ్లు ఉన్నాక రాస్తున్న రివ్యూ

అపార్ట్‌మెంట్ల మీద రివ్యూలు ఎక్కువగా తాళాలు చేతికొచ్చిన నెలలోపే రాసేస్తారు, అప్పటికి గోడల రంగు వాసన కూడా పోయి ఉండదు. నేను 12 ఏళ్లు ఆగి రాస్తున్నా. మొదటి 5 ఏళ్లు ఎ బ్లాక్ తొమ్మిదో అంతస్తులో అద్దెకు ఉన్నాం, తర్వాత అదే కాంపౌండ్‌లో సి బ్లాక్ మూడో అంతస్తులో కొనుక్కుని 7 ఏళ్లుగా ఉంటున్నాం. బిల్డర్ ఒక్కడే, టైల్స్ ఒకటే, తలుపులు ఒకటే, ఫ్లాట్ సైజు కూడా అటూ ఇటూగా ఒకటే. అయినా ఒక దాంట్లోంచి ఎప్పుడు బయటపడదామా అని చూశాం, రెండో దాంట్లో ఇంటికి త్వరగా వచ్చేద్దాం అనిపిస్తుంది. తేడా ఫ్లాట్ లోపల కన్నా గుమ్మం బయటే ఎక్కువ ఉందని అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఎ బ్లాక్‌లో ఒక్కో అంతస్తుకి ఒక పొడవాటి కారిడార్, ఇటు 7 ఫ్లాట్లు, అటు 7. కిటికీలు రెండు చివర్లలోనే, కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైట్లే దిక్కు. మా గుమ్మం ముందున్న ట్యూబ్‌లైట్ 8 నెలలు టపటపా కొట్టుకుంటూనే ఉంది. ఎవరో ఒకరు చెప్తారులే అని 14 ఇళ్లవాళ్లం అనుకున్నాం, నేనూ అనుకున్నా. 5 ఏళ్లలో నాకు పేరుతో తెలిసినవాళ్లు ఇద్దరు.

సి బ్లాక్‌లో ఒక మెట్లవరుస, ఒక లిఫ్ట్, వాటి చుట్టూ 4 ఫ్లాట్లు, అంతే. మెట్ల మలుపులో పెద్ద కిటికీ, దాని కింద కూర్చోవడానికి వీలైన ఎత్తులో ఒక అరుగు. డ్రాయింగ్‌లో ఆ అరుగు ఒక చిన్న గీత అయ్యుంటుంది. కానీ ఇక్కడ సంచులు దించుకుని ఊపిరి తీసుకుంటారు, పిల్లలు బూట్ల లేసులు కట్టుకుంటారు, తాళంచెవి మర్చిపోయినవాళ్లు ఎదురుచూస్తారు, ఆ చూడటంలోనే మాటలు కలుస్తాయి. ఇక్కడ బల్బు పోతే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు మార్చేస్తారు. మనుషులు మంచివాళ్లని కాదు, మాతో కలిపి మూడు కుటుంబాలు ఎ బ్లాక్ నుంచి వచ్చినవాళ్లమే!

అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో ప్రూయిట్-ఐగో అని 11 అంతస్తుల బ్లాకులు 33 కట్టారు, 1954లో జనం దిగారు, 1972లో కూల్చడం మొదలైంది. ఆస్కార్ న్యూమన్ అనే ఆర్కిటెక్ట్ అక్కడ గమనించింది ఇదే: రెండు కుటుంబాలు పంచుకున్న మెట్ల మలుపులు శుభ్రంగా ఉన్నాయి, 20 కుటుంబాలు పంచుకున్న కారిడార్లు నాశనమయ్యాయి. కూలిపోయిందంతా డిజైన్ వల్లే అంటే అన్యాయం, మెయింటెనెన్స్‌కి డబ్బు లేకపోవడం దగ్గర్నుంచి చాలా కారణాలున్నాయి. కానీ ఆ ట్యూబ్‌లైట్ కింద 5 ఏళ్లు నడిచినవాడిగా ఆయన మాట నాకు వెంటనే తలకెక్కింది.

కారిడార్‌కి రెండు వైపులా ఫ్లాట్లు పెట్టేస్తే ఇంకో చిక్కు. ఇంటికి బయటి గోడ ఒక్కటే మిగులుతుంది, గాలి వచ్చిన దారినే తిరిగి పోవాలి. కిటికీ పై అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో అంతకి రెండింతలు, మహా అయితే రెండున్నర ఇంతల దూరం వరకే పగటి వెలుగు సరిగ్గా అందుతుందని ఆర్కిటెక్ట్‌లు వాడే ఒక మోటు లెక్క ఉంది. మా పాత ఇంటి కిటికీ పై అంచు 7 అడుగులు, ఇల్లు లోపలికి 30 అడుగులు, సగం ఇల్లు పగలే చీకటి. ఇప్పటి ఇంట్లో ముందూ వెనకా కిటికీలున్నాయి, రెండూ తెరిస్తే గోడ మీది క్యాలెండర్ కాగితాలు రెపరెపలాడతాయి.

బాల్కనీ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పాతది 3 అడుగుల వెడల్పు. కుర్చీ వేస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరిస్తే కుర్చీలో మోకాళ్లు పిట్టగోడకి ఆనతాయి, చివరికి బట్టలకీ విరిగిన సామానుకీ వదిలేశాం. ఇప్పటిది 6 అడుగులు. ఇద్దరం ఎదురెదురుగా కాళ్లు చాపుకుని కూర్చుంటాం, రోజూ. ఫ్రాన్స్‌లో బోర్డోలో లకాటన్, వాసల్ అనే ఆర్కిటెక్ట్‌లు 1960ల నాటి మూడు బ్లాకుల్ని, మొత్తం 530 ఫ్లాట్లు, కూల్చకుండా, జనాన్ని ఖాళీ చేయించకుండా, గోడల బయట 3.8 మీటర్ల లోతు వరండాలు, బాల్కనీలు తగిలించి బాగుచేశారు. 2021లో వాళ్లకి ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, ఆర్కిటెక్ట్‌లకి ఇచ్చే పెద్ద గౌరవం అది. అంత లోతు మాకు అడగను, 6 అడుగులకే సంతోషం.

అంతస్తు ఎత్తు కూడా. తొమ్మిదో అంతస్తు నుంచి కింద ఆడుకునే పిల్లల్లో మావాడెవడో పోల్చుకోలేకపోయేవాణ్ణి. మూడో అంతస్తు నుంచి కేక వేస్తే తలెత్తి చూస్తాడు, వినపడనట్టు నటిస్తాడు, ఆ నటన కూడా కనిపిస్తుంది.

సి బ్లాక్‌లో అంతా బాగుందనుకోకండి. లిఫ్ట్ గుంటకి ఆనించి పెట్టింది హాలుని కాదు, మా పడకగదిని. రాత్రి 12కి ఎవరు వచ్చినా గోడలోంచి ముందు ఒక 'ధబ్', తర్వాత సన్నటి గుయ్యిమనే మోత. పై ఇంట్లో కుర్చీ జరిపితే మా నెత్తి మీదే జరిపినట్టుంటుంది, ఎందుకంటే టైల్‌కీ స్లాబుకీ మధ్య మెత్తటి పొర ఏదీ వేయలేదు. మాటల శబ్దాన్ని మందమైన స్లాబు ఆపుతుంది గానీ, తాకిడి శబ్దం స్లాబులోంచే పాకుతుంది. కట్టేటప్పుడు వేయని ఆ పొరని ఇప్పుడు పైవాళ్లని బతిమాలి వేయించలేం. కుర్చీ కాళ్లకి తొడుగులు కొనిచ్చాం, కొంచెం నయం.

అన్నిటికన్నా కోపం వచ్చేది పైపుల డక్ట్ మీద, అంటే అన్ని అంతస్తుల పైపులూ నిలువుగా దిగే సందు మీద. లోపల చూడటానికి దానికి తలుపు పెట్టలేదు. రెండేళ్ల కిందట లీకైతే బాత్‌రూమ్ టైల్స్ పగలగొట్టి చూడాల్సి వచ్చింది, పోనీ అక్కడే దొరికిందా అంటే లేదు, లీకు పై అంతస్తులో ఉంది. అతికించిన టైల్స్ రంగు ఇప్పటికీ కలవలేదు, పొద్దున పళ్లు తోముకుంటూ రోజూ చూస్తుంటా.