అడక్కుండా వచ్చిన ప్లేటు: విదేశీ హోటళ్ల పద్ధతులకు మా మార్కులు

హైదరాబాద్ ఇరానీ హోటళ్లకి అలవాటు పడ్డవాళ్లకి పోర్చుగల్ అంత కొత్తగా అనిపించదు. పాత ఇరానీ హోటల్లో చాయ్ చెప్తే చాలు, ఉల్లి సమోసాల ప్లేటు అడక్కుండానే ముందుకొస్తుంది. లేచేటప్పుడు ఎన్ని తగ్గాయో చూసి లెక్క కడతారు. లిస్బన్‌లో కూర్చోగానే బ్రెడ్డు, వెన్న, ఆలివ్ కాయలు, ఒక్కోసారి చీజ్ ముక్కలు వచ్చేస్తాయి. వీటిని కువేర్ అంటారు. తింటే డబ్బులు, ముట్టకపోతే లేదు. అడగనిదానికి, వాడనిదానికి వసూలు చేయకూడదని అక్కడి చట్టమే చెబుతుంది. కాకపోతే సమోసాల్లా ఒక్కోటి లెక్కపెట్టరు. రెండు ఆలివ్‌లు నోట్లో వేసుకున్నా గిన్నె మొత్తం బిల్లులో పడుతుంది. వద్దనుకుంటే రాగానే తీసుకెళ్లమనాలి, పిల్లల చెయ్యి పడకముందే. పదికి ఎనిమిది.

ఇటలీలో ఆ వెసులుబాటు లేదు. కొపెర్తో పేరుతో తలకి సుమారు 1 నుంచి 3 యూరోలు వేస్తారు, బ్రెడ్డు తిన్నా తినకపోయినా. మెనూలో ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఆర్డర్‌కి ముందే వెతకాలి. మంచినీళ్లు అందులోకి రావు, సీసా కొనాల్సిందే. కాఫీది ఇంకో లెక్క: కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, టేబుల్ దగ్గర కూర్చుంటే ఇంకో రేటు. టూరిస్టులు మూగే కూడళ్లలో ఆ తేడా రెట్టింపు కూడా దాటుతుంది. రద్దీగా ఉండే చోట్ల ముందు క్యాష్ దగ్గర డబ్బు కట్టి, చీటీ తెచ్చి కాఫీ కలిపే అతని ముందు పెట్టాలి. మన టిఫిన్ సెంటర్లో టోకెన్ తీసుకెళ్లి దోసె పెనం దగ్గర ఇచ్చినట్టే. అయిదు మార్కులు, అవి కూడా కాఫీకే.

జపాన్‌లో ఇజకాయ అంటే మందు, దాంతో నంజుకునేవి దొరికే చోటు. కూర్చోగానే ఒతోషి అని చిన్న గిన్నెలో ఏదో పెడతారు, మనిషికి 300 నుంచి 500 యెన్ దాకా వేస్తారు. వద్దంటే చాలాచోట్ల కుదరదు. శాకాహారులకి మరీ అన్యాయం, కూరగాయలే కనిపించినా చేపల రసంలో ఉడికి ఉండొచ్చు. టిప్పు మాత్రం అక్కర్లేదు. టేబుల్ మీద వదిలితే మర్చిపోయారనుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చి ఇస్తారు. రామెన్ అనే నూడుల్స్ సూప్ అమ్మే షాపుల్లో గుమ్మం దగ్గరే టికెట్ మెషిన్ ఉంటుంది: ముందు నోటు, తర్వాత బొమ్మ ఉన్న బటన్, చివర చిల్లర మీట. 1,000 యెన్ నోట్లు దగ్గర పెట్టుకోండి, చాలా మెషిన్లు 10,000 నోటు మింగవు. 2024 జులైలో వచ్చిన కొత్త నోట్లని కొన్ని పాత మెషిన్లు బయటికి ఉమ్మేస్తాయి.

కొరియాకి తొమ్మిది, సందేహం లేదు. బంచన్ అనే చిన్న చిన్న పక్క వంటకాలు ఉచితం, అయిపోతే మళ్లీ తెస్తారు. బిర్యానీతో సలాన్ మళ్లీ అడిగే చొరవ ఉన్నవాళ్లకి ఇంక చెప్పాలా. చెంచా, తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) కనపడకపోతే టేబుల్ పక్కనున్న సొరుగు లాగి చూడండి. పిలవడానికి గంట బటన్ ఉంటుంది, బిల్లు కౌంటర్ దగ్గర. ఒంటరిగా వెళ్తే మాత్రం ఇబ్బంది: మాంసం కాల్చుకునే చోట్ల చాలావరకు కనీసం ఇద్దరి వంతు ఆర్డర్ చేయాలి.

సింగపూర్‌లో చిన్న చిన్న తిండి స్టాళ్లు ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లో ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే అది ఖాళీ కాదు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి వేసిన కర్చీఫ్ లాంటిదే. తిన్న ట్రే మనమే తీయాలి. 2021 సెప్టెంబర్ నుంచి మొదటిసారి హెచ్చరిక, రెండోసారి 300 సింగపూర్ డాలర్ల జరిమానా.

అమెరికాకి మూడే. సర్వీస్ చార్జి దానంతటదే బిల్లులో కలపొద్దని మన దగ్గర 2022లో మార్గదర్శకాలు వచ్చాయి. అక్కడ టిప్పు పేరుకే ఐచ్ఛికం. టిప్పు మీద బతికే పనివాళ్లకి ఫెడరల్ కనీస వేతనం గంటకి 2.13 డాలర్లు, 1991 నుంచీ అంతే. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో పూర్తి కనీస వేతనమే ఇవ్వాలి, అయినా టిప్పు శాతం తగ్గదు. మెనూ రేటులో పన్ను ఉండదు. పన్నుకి ముందు మొత్తం మీద 18 నుంచి 20 శాతం, అంటే 60 డాలర్ల భోజనానికి 11, 12 డాలర్లు.

అమెరికాలో చాలాచోట్ల ఇప్పటికీ వెయిటర్లు కార్డు తీసుకెళ్లి రెండు చీటీలతో తిరిగొస్తారు. హోటల్ కాపీలో టిప్పు గడి, దాని కింద మొత్తం గడి, రెండూ నింపి సంతకం చేయాలి. తప్పు జరిగేది ఇక్కడే: ఆరుగురో అంతకంటే ఎక్కువో వెళ్తే టిప్పునే గ్రాట్యుటీ అనే పేరుతో బిల్లులో ముందే కలిపేసే హోటళ్లున్నాయి, ఆ లైను చూడకుండా రాస్తే రెండుసార్లు ఇచ్చినట్టు. విదేశీ డబ్బు ముందే నింపుకునే ఫారెక్స్ కార్డులో టిప్పుకి సరిపడా మిగిల్చి ఉంచండి. బ్యాంకు మెసేజ్ మొదట టిప్పు లేకుండా వస్తుంది, ఒకట్రెండు రోజులకి స్టేట్‌మెంట్‌లో మొత్తం పెరుగుతుంది. మోసం జరిగిందని కార్డు బ్లాక్ చేయించే ముందు మీ కాపీ తీసి చూసుకోండి, ఆ అంకె మీరు రాసిందే అయి ఉంటుంది.